చిన్నపిల్లలతో క్యాంపింగ్ ఫెస్టివల్‌కా? ముందు మ్యాప్ చూడండి

మేము మొదటిసారి పిల్లలతో క్యాంపింగ్ ఫెస్టివల్‌కి, అంటే మైదానంలో టెంట్ వేసుకుని కొన్ని రోజులు అక్కడే ఉండి పాటలు వినే సంబరానికి, వెళ్ళినప్పుడు పెద్దమ్మాయికి ఐదేళ్ళు, చిన్నోడికి ఇంకా రెండు నిండలేదు. ఆ ఫెస్టివల్‌కే ఎందుకు వెళ్ళామంటే, కాలేజీ రోజుల నుంచి నాకు పిచ్చి ఉన్న ఒక బ్యాండ్ శనివారం రాత్రి అక్కడ వాయిస్తోంది. అంతే, వేరే కారణం ఏమీ లేదు. మరి ఆ బ్యాండ్‌ని విన్నానా అంటే, విన్నాను, ఒక్క పాట వదలకుండా విన్నాను. టెంట్‌లో చీకట్లో పడుకుని, ఎడమ చెయ్యి మీద చిన్నోడి తల పెట్టుకుని, డ్రమ్స్ మోగినప్పుడల్లా కింద నేల అదిరి వాడు ఉలిక్కిపడుతుంటే వీపు మీద జోకొడుతూ విన్నాను. స్టేజ్ మీద లైట్లు ఏ రంగులో వేశారో కూడా నాకు తెలీదు.

అర్ధరాత్రి దాటాక పెద్దది లేచి "అమ్మా, పాస్" అంది. టాయిలెట్లు ఎక్కడున్నాయో మధ్యాహ్నమే చూసి పెట్టుకున్నాను, దగ్గరే కదా అనుకున్నాను. పగలు దగ్గరగా అనిపించిన చోటే రాత్రి ఒంటిగంటకి, ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో నిద్రమత్తులో తూలుతున్న పిల్లని పట్టుకుని, అందరి టెంట్ల తాళ్ళూ కాళ్ళకి అడ్డం పడుతుంటే, పది నిమిషాలు పట్టింది. తీరా వెళ్తే క్యూ. క్యూలో మా ముందు ఇంకా ముగ్గురు ఉండగా అది నెమ్మదిగా నా చెయ్యి లాగి "అమ్మా, అయిపోయింది" అంది. నాకు కోపం కూడా రాలేదు, దాని తప్పేముంది.

ఇంటికి వచ్చాక వారం రోజుల పాటు బట్టలు ఉతుకుతూ, ఇంక జన్మలో వెళ్ళకూడదనుకున్నాను. రెండో వారంలో పెద్దది స్కూల్లో గీసిన బొమ్మ తెచ్చి చూపించింది. టెంట్, పైన చుక్కలు, పక్కన మేం నలుగురం. మా ఆయన ఆ బొమ్మని ఫ్రిజ్ మీద అంటించి నా మొహం చూశాడు. సరే వెళ్దాం, కానీ ఈసారి బ్యాండ్ చూసి కాదు అన్నాను.

ఆ తర్వాత ఇంకో నాలుగు ఫెస్టివల్స్‌కి వెళ్ళాం. రెండు చాలా బాగా జరిగాయి, ఒకటి ఫరవాలేదు, ఒకదాంట్లోంచి రెండో రోజు పొద్దున్నే సామాను సర్దుకుని వచ్చేశాం. వాటిల్లో నాకు అర్థమైంది ఇదీ: ఫెస్టివల్ వాళ్ళు పెద్ద పెద్ద అక్షరాలతో పేర్లు వేసి పెట్టే పోస్టర్ చూసి టికెట్ కొంటాం కానీ, చిన్నపిల్లలు ఉన్నవాళ్ళకి దాంతో పని రోజుకి ఒక గంట, మహా అయితే రెండు గంటలు. మిగతా టైమంతా నడవడం, తినిపించడం, టాయిలెట్‌కి తీసుకెళ్ళడం, ఎండలోంచి నీడలోకి మార్చడం, నిద్రపుచ్చడం. వీటన్నిటి సంగతీ తెలిసేది సైట్ మ్యాప్‌లో, అంటే ఫెస్టివల్ జరిగే చోటు మ్యాప్‌లో. చాలా ఫెస్టివల్స్ ఈ ఏడాది మ్యాప్ చివరి వారాల్లో కానీ బయటపెట్టరు, కానీ పోయిన ఏడాదిది నెట్‌లో వెతికితే దొరుకుతుంది. ఏటా అదే పొలంలో, అదే పార్కులో జరిగేవైతే పెద్దగా మారదు కూడా.

మ్యాప్ తెరిచాక నేను మొదట చూసేది కార్ పార్కింగ్‌కీ ఫ్యామిలీ క్యాంపింగ్‌కీ మధ్య దూరం. ఇదే అన్నిటికంటే ముఖ్యం అని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ఫెస్టివల్ మీద పిల్లల మూడ్, మన మూడ్ మొదటి రెండు గంటల్లోనే తేలిపోతుంది. టెంట్, పరుపులు, దుప్పట్లు, స్టవ్, నీళ్ళ డబ్బా, బట్టల సంచులు, పైన ఒక పిల్లాడు, ఇవన్నీ మోసుకుంటూ కిలోమీటరు నడిచి, గేటు దగ్గర చేతికి బ్యాండ్ కట్టించుకునే క్యూలో నిలబడి, ఆ తర్వాత గడ్డిలో టెంట్ వేసేసరికి ఎవరు ఎవరి మీద అరుస్తారో చెప్పలేం. కొన్ని చోట్ల కారు పక్కనే టెంట్ వేసుకోనిస్తారు, కొన్ని చోట్ల క్యాంపర్‌వ్యాన్‌లకి వేరే మైదానం ఉంటుంది. పిల్లలు మూడేళ్ళలోపు అయితే, కారు పక్కన టెంట్ వేసుకునే వీలున్న చిన్న ఫెస్టివల్ దొరికితే, లైనప్‌లో, అంటే వాయించేవాళ్ళ జాబితాలో, ఒక్క పేరు తెలియకపోయినా అదే తీసుకోమంటాను.

రెండోది, ఫ్యామిలీ క్యాంపింగ్ అనేది ఎక్కడుంది అన్నది. ఫ్యామిలీ క్యాంపింగ్ ఉంది అని రాసినంత మాత్రాన నిశ్శబ్దంగా ఉంటుందని కాదు. ఒకసారి మాకు ఇచ్చిన ఫ్యామిలీ మైదానానికి ముళ్ళకంచె అవతలే రాత్రి రెండు దాకా నడిచే డాన్స్ టెంట్ ఉంది. మ్యాప్‌లో అది చక్కగా గులాబీ రంగు వేసి మరీ చూపించారు, నేనే చూసుకోలేదు. ఇంకో సంగతి, కొన్ని ఫెస్టివల్స్‌లో ఫ్యామిలీ క్యాంపింగ్ కాకుండా క్వయెట్ క్యాంపింగ్ అని విడిగా ఉంటుంది. ఫ్యామిలీ మైదానంలో రాత్రి పదింటికల్లా కాస్త సద్దుమణుగుతుంది కానీ తెల్లవారుజామున ఐదున్నరకి వందమంది పిల్లలు ఒకేసారి లేస్తారు. మీ పిల్లలు కూడా ఆ వందలో ఉంటే ఏ గొడవా లేదు. పొద్దెక్కేదాకా పడుకునే వరం ఉన్న పిల్లలైతే, నాకు అసూయగా ఉంది కానీ, క్వయెట్ క్యాంపింగ్ గురించి అడిగి చూడండి.

ఆ తర్వాత కుళాయి, టాయిలెట్లు, నేల వాలు. టాయిలెట్‌కి మరీ దగ్గరగా వేసుకుంటే వాసన, రాత్రంతా తలుపుల చప్పుడు, దూరంగా వేసుకుంటే నా మొదటి కథ. ఇప్పుడు మేము టెంట్‌లోనే ఒక మూల మూతున్న పాటీ పెట్టేస్తున్నాం, ఆరేళ్ళ పిల్ల కూడా రాత్రి దాంట్లోనే కూర్చుంటుంది, మేము కూడా... సరే, అది వదిలేయండి. ఇక వాలు గురించి: పల్లంలో టెంట్ వేయకండి, గాలి తగలదని ముచ్చటగా కనిపిస్తుంది కానీ వాన పడితే నీళ్ళన్నీ అక్కడికే వస్తాయి, వాన పడకపోయినా రాత్రి చల్లగాలి బరువెక్కి కిందికి జారి అక్కడే పేరుకుంటుంది.

ఫెస్టివల్ సైజు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. క్యాంపింగ్ ఫెస్టివల్ అనగానే అందరికీ గుర్తొచ్చే పేరు గ్లాస్టన్‌బరీ. ఇంగ్లండ్‌లో సోమర్సెట్‌లోని వర్తీ ఫామ్ అనే తన పొలంలో 1970లో మైకేల్ ఈవిస్ అనే పాడి రైతు మొదలుపెట్టినప్పుడు వచ్చింది దాదాపు 1,500 మంది. ఇప్పుడు 2,00,000 దాటి వస్తారు, అంటే ఐదు రోజుల పాటు అక్కడొక నగరం వెలుస్తుందన్నమాట. పిల్లల కోసం కిడ్జ్‌ఫీల్డ్ అని ప్రత్యేకంగా పెద్ద ఏరియా ఉంటుంది, 12 ఏళ్ళు, అంతకంటే చిన్నపిల్లలకి టికెట్టే అక్కర్లేదు. వినడానికి ఎంతో బాగుంది. కానీ ముందుగా ఫోటోతో రిజిస్టర్ చేసుకుని ఉండాలి, అమ్మకం తెరిచిన రోజు గంటలోపే టికెట్లు అయిపోతుంటాయి, పైగా పొలానికి విశ్రాంతి ఇవ్వడానికి కొన్నేళ్ళకొకసారి అసలు జరపరు, 2018లో అలాగే ఆపారు, 2026లో కూడా అంతే. ఇవన్నీ దాటుకుని వెళ్ళినా, నగరమంత చోట మూడేళ్ళ పిల్లాడిని భుజం మీద వేసుకుని ఒక స్టేజ్ నుంచి ఇంకో స్టేజ్‌కి నడవడం సరదా అనిపించే తల్లిదండ్రులు ఉన్నారు, నేను కాదు. మొదటి ఫెస్టివల్‌గా మాత్రం వద్దనే అంటాను.

పిల్లల కోసం అని మొదటి నుంచీ ప్లాన్ చేసినవి వేరే ఉన్నాయి. ఇంగ్లండ్‌లోనే డోర్సెట్‌లో లల్‌వర్త్ కోట దగ్గర 2008లో మొదలైన క్యాంప్ బెస్టివల్ అలాంటిదే, అది మామూలు సంగీత ఫెస్టివల్‌కి ఒక మూల పిల్లల టెంట్ తగిలించింది కాదు, కుటుంబాల కోసమే పుట్టింది. వేల్స్ కొండల్లో జరిగే గ్రీన్ మ్యాన్ పెద్దవాళ్ళ సంగీతానికి పేరున్నదే, కానీ దాంట్లో ఐన్‌స్టైన్స్ గార్డెన్ అని సైన్స్ ప్రయోగాలకి ఒక తోట, చిన్నపిల్లలకి లిటిల్ ఫోక్ అని విడిగా ఇంకో ఏరియా ఉంటాయి. సఫోక్‌లో హెన్‌హామ్ పార్క్‌లో జరిగే లాటిట్యూడ్‌లో పాటలతో పాటు నాటకాలు, కవిత్వం, కామెడీ కూడా పెడతారు. ఇంగ్లిష్ గాయకుడు పీటర్ గాబ్రియెల్ వాళ్ళు 1982లో తొలిసారి జరిపిన వోమాడ్‌ని చూడండి, లోకంలో అన్ని మూలల నుంచీ సంగీతం వస్తుంది. నాలుగేళ్ళ పిల్లలకి ఏ పాటా ముందే తెలియదు కాబట్టి అన్నీ కొత్తే, అన్నీ సమానమే. డ్రమ్స్ ఉంటే చాలు వాళ్ళకి. నేనీ పేర్లు చెప్తున్నది వీటికే వెళ్ళమని కాదు, మీకు దగ్గర్లో ఉన్నవాటిని చూసేటప్పుడు అవి ఏ రకం అని పోల్చుకోవడానికి. కుటుంబాల కోసమే పుట్టిందా, పెద్దవాళ్ళదే కానీ పిల్లలకి నిజంగా చోటిచ్చిందా, లేక పిల్లలు వస్తే వచ్చారులే అని ఊరుకునేదా? మూడో రకం గుర్తుపట్టడం సులభం. వాళ్ళ సైట్‌లో పిల్లల పేజీ మొత్తం రూల్సే ఉంటాయి, ఏం చేయొచ్చో ఒక్క ముక్క ఉండదు.

చిన్న ఫెస్టివల్‌లో ఉన్న సుఖం ఏంటంటే, ఏదైనా మర్చిపోతే టెంట్ దాకా వెళ్ళి తెచ్చుకోవచ్చు. పెద్దదాంట్లో మర్చిపోయామంటే మర్చిపోయినట్టే.

ఇక కిడ్స్ ఏరియా. ఈ మాట బ్రోషర్‌లో ఉంటే సంతోషపడిపోకండి, లోపల ఏముందో టైమ్‌టేబుల్ చూడాలి. మేము వెళ్ళిన ఒకదాంట్లో కిడ్స్ ఏరియాలో ఉన్నవన్నీ ఏడేళ్ళు దాటినవాళ్ళకే: సర్కస్ నేర్పడం, చెట్టెక్కడం, చెక్కతో బొమ్మలు చెక్కడం. మా రెండేళ్ళవాడు కంచె పట్టుకుని రెండు రోజులు చూస్తూ నిలబడ్డాడు. కాబట్టి మీ పిల్లల వయసు వేసుకుని చూడండి. మూడేళ్ళలోపు వాళ్ళకి విడిగా మెత్తటి చోటు, నీడ, డైపర్ మార్చుకునే బల్ల, పాలు వేడిచేసుకునే చోటు ఉన్నాయా? క్లాసులకి ముందుగా పేరు రాయించుకోవాలా, అలా అయితే పొద్దున్న ఎన్ని గంటలకి క్యూ కట్టాలి? టికెట్‌లోనే కలిసి ఉన్నాయా, లేక లోపల ఒక్కో ఆటకీ విడిగా డబ్బులా? ఈ చివరిది అన్నిటికంటే చిరాకు, ప్రతి పది అడుగులకీ ఒక రంగులరాట్నం, ప్రతి రంగులరాట్నం దగ్గరా ఒక ఏడుపు.

అయితే నిజం చెప్పాలంటే, మా పిల్లలకి అన్ని ఫెస్టివల్స్‌లోనూ బాగా నచ్చిన ఆట ఏ టైమ్‌టేబుల్‌లోనూ లేదు. చిన్నోడికి కుళాయి. తాగునీళ్ళ కుళాయి దగ్గర కారిన నీళ్ళతో చిన్న బురదగుంట తయారవుతుంది కదా, దాంట్లో రబ్బరు బూట్లతో గంటన్నర. పెద్దదానికి టెంట్ జిప్. పక్క టెంట్‌లో దాని వయసు పిల్ల ఒకతి దొరికింది, ఇద్దరూ కలిసి జిప్ తీయడం, వేయడం, టికెట్లు చూపించమనడం, మళ్ళీ వేయడం. భాష కూడా సరిగ్గా కలవలేదు ఇద్దరికీ. అందుకే ఇప్పుడు రోజుకి రెండు ప్రోగ్రాముల కంటే ఎక్కువ పెట్టుకోం, పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి.

వయసు సంగతి అందరూ అడుగుతారు, ఎప్పటి నుంచి తీసుకెళ్ళొచ్చు అని. నా లెక్క కొంచెం తలకిందులుగా ఉంటుంది. ఇంకా పాకని, తల్లిపాలు తాగే పసివాళ్ళతో పెద్ద కష్టం లేదు, పెట్టిన చోట ఉంటారు, ఎత్తుకుంటే నిద్రపోతారు. కానీ ఆరు నెలల లోపు వాళ్ళని నేరుగా ఎండలో అసలు ఉంచకూడదు, కాబట్టి నీడ లేని బోడి మైదానంలో జరిగేదైతే వద్దు. నాలుగేళ్ళు దాటితే పండగే. మధ్యలో, నడక వచ్చి మాట రాని ఆ ఏడాదిన్నర ఉంది చూశారూ, అదే అసలు పరీక్ష. పక్కవాళ్ళ స్టవ్ వైపు పరిగెడతారు, మేకులు పీకి నోట్లో పెట్టుకుంటారు, స్ట్రాలర్‌లో కూర్చోమంటే విల్లులా వంగిపోతారు. మేము మధ్యలో వచ్చేసిన ఫెస్టివల్ ఆ వయసులోదే. తప్పు ఫెస్టివల్‌ది కాదు, పాపం వాళ్ళు అన్నీ బాగానే పెట్టారు. వానొచ్చింది, వాడికి పళ్ళొస్తున్నాయి, మాకు ఓపిక లేదు.

నిద్ర. దీని గురించి నేను ఒక పుస్తకమే రాయగలను. ఉత్తరాది దేశాల్లో నడివేసవిలో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది, తెల్లవారుజామున ఐదు కాకముందే సూర్యుడు వచ్చేస్తాడు. మామూలు టెంట్ గుడ్డలోంచి ఆ వెలుగంతా లోపలికి వస్తుంది, ఆరుకల్లా పిల్లలు మన కడుపు మీద ఎగురుతుంటారు. పడకగది చీకటిగా ఉండేలా లోపల నల్లగుడ్డ వేసిన టెంట్లు వస్తున్నాయి, మేము డబ్బు పెట్టి పశ్చాత్తాపపడని వస్తువు అదొక్కటే. ఇంకో గంట నిద్ర దొరికింది. ఇంకొకటి, ఎండాకాలమే కదా అని మందపాటి బట్టలు తీసుకెళ్ళకపోవడం మొదటిసారి వెళ్ళే అందరూ చేసే తప్పు. మబ్బులు లేని రాత్రి నేల వేడి మొత్తం ఆకాశంలోకి పోతుంది, పగలు చెమటలు పట్టినచోటే తెల్లవారుజామున పళ్ళు గిటకరుస్తాయి. మీద ఎన్ని దుప్పట్లు కప్పినా చలి కిందినుంచి వస్తుంది, ముఖ్యంగా గాలి పరుపుల మీద, ఎందుకంటే లోపలి గాలి కదులుతూ ఒంటి వేడిని నేలకి చేరవేస్తుంటుంది. అందుకని పిల్లల కింద ముందు ఫోమ్ చాప, దాని మీద ఒక మందపాటి దుప్పటి, అప్పుడు పిల్లలు. గాలి పరుపు మీద పడుకుంటే పరుపు పైన కూడా దుప్పటి పరచండి. అదే టెంట్ పొద్దున్న ఎనిమిదయ్యేసరికి పొయ్యి అవుతుంది, కాబట్టి పగటి కునుకులు టెంట్‌లో వద్దు, చెట్టు కిందే.

చలిగా ఉంది కదా అని స్టవ్ కానీ, బొగ్గుల కుంపటి కానీ టెంట్ లోపలికి, కనీసం దాని ముందు వరండాలోకి కూడా తేకండి. ఆరిపోయినట్టు కనిపించే బొగ్గుల్లోంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది, దానికి వాసన ఉండదు, నిద్రలో తెలియదు. దీంట్లో మాత్రం నేను ఎవరితోనూ మొహమాటపడను, పక్క టెంట్‌వాళ్ళకి కూడా వెళ్ళి చెప్పేస్తాను.

చెవుల సంగతి. మొదటి ఫెస్టివల్‌కి మేము చెవులకి ఏమీ తీసుకెళ్ళలేదు, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికలకి పెట్టిన ప్రమాణం సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని, అది కూడా పెద్దవాళ్ళని దృష్టిలో పెట్టుకుని. అదే సంస్థ పిల్లలు హెడ్‌ఫోన్స్‌లో వినడానికి చెప్పే హద్దు 75 డెసిబెల్స్, వారానికి 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ శబ్దశక్తి రెట్టింపు అవుతుంది, అంటే సురక్షితంగా వినగలిగే సమయం సగానికి పడిపోతుంది. లెక్క వేసుకుంటే స్టేజ్ ముందు పసిపిల్లలకి మిగిలేది కొన్ని నిమిషాలే. కాబట్టి చెవుల మీద పెట్టే పెద్ద ఇయర్ డిఫెండర్స్ తప్పనిసరి, చెవుల్లోకి దూర్చే ఫోమ్ బిళ్ళలు చిన్నపిల్లలకి వద్దు, పీకి నోట్లో పెట్టుకుంటారు. అవి పెట్టాం కదా అని స్పీకర్ల ముందుకి వెళ్ళిపోకూడదు, లోతైన బేస్ శబ్దాన్ని అవి తక్కువే ఆపుతాయి. వెనకాల, గట్టు మీద, దుప్పటి వేసుకుని కూర్చోండి. అక్కడే గాలి కూడా వస్తుంది. ఫెస్టివల్‌కి ముందు రెండు వారాలు ఇంట్లో మిక్సీ తిప్పేటప్పుడు పెట్టి అలవాటు చేయండి, లేకపోతే అక్కడ కొత్తగా పెడితే పీకి విసిరేస్తారు. మా చిన్నోడికి అలవాటు ఎంత అయిందంటే, ఇప్పుడు నేను కోప్పడినప్పుడు వెళ్ళి తెచ్చుకుని పెట్టుకుంటున్నాడు.

పిల్లలు తప్పిపోవడం. పెద్దది ఒకసారి ఏడు నిమిషాలు కనపడలేదు. ఏడు నిమిషాలని తర్వాత ఫోన్ కాల్స్ టైమ్ చూసి లెక్కపెట్టాం, అప్పుడైతే ఎంతసేపో ఎవరు చెప్పగలరు. తోలుబొమ్మల టెంట్‌కి ఒక గుమ్మం అనుకున్నాను, రెండున్నాయి. అది వెనక గుమ్మంలోంచి బయటికి వచ్చి, ఎదురుగా కనపడిన పసుపు జాకెట్ వేసుకున్న స్టీవార్డ్ (ఫెస్టివల్ తరఫున జనాన్ని చూసుకునే మనిషి) దగ్గరికి వెళ్ళి చెయ్యి చూపించింది. చేతికి కట్టిన బ్యాండ్ మీద నా నంబర్ రాసి ఉంది. చాలా ఫెస్టివల్స్‌లో గేటు దగ్గరే పిల్లలకి ఇలాంటి బ్యాండ్ ఇస్తారు, ఇవ్వకపోతే బాల్‌పెన్‌తో నేరుగా చేతి మీద రాసి పైన లిక్విడ్ బ్యాండేజ్ (ఆరాక చర్మం మీద పొరలా అంటుకునే ద్రవం) రాసేయండి. బ్యాండ్ మీద పిల్ల పేరు రాయకండి, పేరు పెట్టి పిలిచే ఎవరినైనా తెలిసినవాళ్ళనుకుంటారు. రోజూ పొద్దున్న బట్టలు వేశాక ఒక ఫోటో తీయండి, ఆ కంగారులో ఏ రంగు చొక్కా వేశామో అసలు గుర్తురాదు, నాకు రాలేదు. సిగ్నల్ గురించి కూడా ఆశ పెట్టుకోవద్దు, అంతమంది ఒకే టవర్ మీద పడితే మెసేజ్ గంట తర్వాత చేరుతుంది. వెళ్ళగానే ఒక గుర్తు చూపించి, తప్పిపోతే ఇక్కడికి రా, లేదా పసుపు జాకెట్ వాళ్ళకి చెప్పు, అని రెండుసార్లు వాళ్ళ చేత చెప్పించండి. లాస్ట్ చిల్డ్రన్ టెంట్ ఎక్కడుందో ముందే చూడండి, అది మ్యాప్ మీద లేని ఫెస్టివల్‌కి నేను టికెట్ కొనను.

టికెట్ కొనే ముందు ఇంకొన్ని. తిరిగి అమ్ముకునే వీలుందా చూడండి, పిల్లలకి జ్వరాలు సరిగ్గా ముందు రోజే వస్తాయి. పసివాళ్ళకి ఉచితమైనా టికెట్ విడిగా బుక్ చేసుకోవాల్సి రావచ్చు, గేటు దగ్గర తెలిస్తే గొడవ. రివ్యూల్లో ఎన్ని స్టార్లు వచ్చాయో చూడకుండా మీ పిల్లల వయసు పిల్లలతో వెళ్ళినవాళ్ళు ఏం రాశారో వెతకండి, ముఖ్యంగా వానపడిన ఏడాది రాసినవి. ఎండ కాసినప్పుడు అన్ని ఫెస్టివల్సూ బాగానే ఉంటాయి, బురదలో దారి మీద గడ్డి వేశారా, రేకులు పరిచారా, కార్లు బయటికి లాగడానికి ట్రాక్టర్ పెట్టారా అన్నది అప్పుడు రాసినవాళ్ళకే తెలుసు. మీకు అసలు ఇది సరిపడుతుందో లేదో అనే అనుమానం ఉంటే ఒక్కరోజు టికెట్ తీసుకోండి, లేదా ఇంటి పెరట్లోనో, తెలిసినవాళ్ళ ఖాళీ స్థలంలోనో ఒక రాత్రి టెంట్ వేసి చూడండి. మేము మొదటిసారి వెళ్ళే ముందు ఆ పని చేసి ఉంటే పాటీ సంగతి ఇంటి దగ్గరే తెలిసేది.

ఇంకో కుటుంబంతో కలిసి వెళ్తే సగం బరువు తగ్గుతుంది, కానీ వాళ్ళ పిల్లల నిద్ర టైమూ మీ పిల్లల నిద్ర టైమూ ఒకటైతేనే. లేకపోతే అక్కడే స్నేహాలు చెడతాయి. మేమిద్దరమే వెళ్ళినప్పుడు పద్ధతి ఏంటంటే, ఒక రాత్రి ఒకరికి, మర్నాడు రాత్రి ఇంకొకరికి స్వేచ్ఛ. ఇద్దరం కలిసి ఏదీ చూడం, అది ముందే ఒప్పుకుని వెళ్తాం. నిరుడు నా వంతు వచ్చినప్పుడు ఒక్కదాన్నే వెళ్ళి, పేరు తెలియని ఒక ఫిడేలు ఆవిడ వాయిస్తుంటే నలభై నిమిషాలు నిలబడి విన్నాను, చేతుల్లో ఏమీ లేకుండా. ఏ సంచీ లేదు, ఏ పిల్లా లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు కాసేపు.

బండి గురించి చెప్పడం మర్చిపోతున్నాను, అది లేకపోతే ఇదంతా లేదు. మడత పెట్టే గుడ్డ ట్రాలీ, సామాను లాక్కెళ్ళడానికి వాడేది. పగలు సామాను, సాయంత్రం ఏడయ్యాక అడుగున పరుపు, రెండు దిండ్లు, ఒక దుప్పటి, పైన చిన్న లైట్ల దండ. పిల్లలిద్దరూ తలొక వైపు పడుకుంటారు, పాటలు వింటూ వింటూ నిద్రపోతారు, మనం కూడా ఇంకో గంట బయట ఉండొచ్చు. చక్రాలు మాత్రం వెడల్పువి చూసుకోండి, సన్నవి గడ్డిలో దిగిపోతాయి, బురదలో ఇంక లాగడం ఉండదు, మోయడమే. మేము మొదట కొన్నది సన్న చక్రాలది. రెండో రోజు ఒక చక్రం ఊడి పక్కకి దొర్లిపోతే, వెనకాల వస్తున్న పెద్దాయన ఎవరో పరిగెత్తి పట్టుకుని తెచ్చి ఇచ్చాడు.

ఈ ఏడాదికి చిన్నదే ఒకటి ఎంచుకున్నాం, కారు పక్కనే టెంట్. లైనప్‌లో నాకు తెలిసిన పేర్లు రెండున్నాయి, రెండూ పిల్లలు నిద్రపోయే టైమ్‌కే. నిన్న రాత్రి మ్యాప్ ప్రింట్ తీసి నేల మీద పరిస్తే పెద్దది స్టేజ్‌లన్నిటికీ పేర్లు చదివి వినిపించింది. చిన్నోడు మోకాళ్ళ మీద కూర్చుని, మ్యాప్ అంతా వేలితో వెతికి, నీళ్ళచుక్క గుర్తు కనపడగానే దాని మీద వేలు పెట్టి ఉంచేశాడు. పడుకునేదాకా తియ్యనివ్వలేదు.